కోటను ఇచ్చింది నాటకమే

కోట శ్రీనివాసరావు అనగానే చాలామందికి ముందు గుర్తొచ్చేది పైనుంచి వేలాడే కోడి. 1987లో జంధ్యాల తీసిన 'అహ నా పెళ్ళంట!'లో ఆ కోడిని చూస్తూ వట్టి అన్నం తినే పిసినారి లక్ష్మీపతి ఆయన. ఓసారి కళ్లెత్తి చూడటం, ముద్ద మింగడం, అంతే. కంచంలో లేని కూర రుచి ఆయన ముఖంలో కనిపిస్తుంది. ఇది కెమెరా నేర్పిన విద్య కాదు. స్టేజీ మీద లేని గుమ్మాన్ని చూపిస్తే ఆఖరి వరుసలో కూర్చున్నవాడికీ అది కనపడాలి. ఆ సాధన నాటకంలోనే దొరుకుతుంది.

కృష్ణా జిల్లా కంకిపాడులో 1942లో పుట్టిన కోట, స్టేట్ బ్యాంకులో ఉద్యోగం చేస్తూ నాటకాలు వేశారు. 'ప్రాణం ఖరీదు' నాటకాన్ని నిర్మాత క్రాంతికుమార్ చూసి 1978లో సినిమాగా తీస్తూ అందులోని నటులనే తీసుకున్నారు. కోటకు అదే తొలి సినిమా. ఆ రోజు ఆ నిర్మాత నాటకానికి వెళ్లకపోయి ఉంటే?

1985లో 'ప్రతిఘటన' సినిమాలో తెలంగాణ యాస మాట్లాడే మంత్రి కాశయ్య పాత్ర ఆయన్ను ఇంటింటికీ తెలిసిన నటుణ్ణి చేసింది. తెలంగాణ యాసను విలన్లకూ, నవ్వించే పాత్రలకూ అంటగట్టారన్న బాధ ఉంది. అది న్యాయమైన బాధే. కానీ ఆ తప్పు కథలు రాసినవాళ్లది. కోట మాత్రం ఏ యాస మాట్లాడినా అది ఎవరో ఒక మనిషి మాటలా ఉండేది, వెక్కిరింపులా ఉండేది కాదు.

1999లో బీజేపీ తరఫున విజయవాడ తూర్పు ఎమ్మెల్యేగా గెలిచారు. 2015లో పద్మశ్రీ వచ్చింది. ఈ రెండింటి మధ్యే, 2010లో, కొడుకు ప్రసాద్ రోడ్డు ప్రమాదంలో పోయాడు. చేతికందిన కొడుకును పోగొట్టుకున్న తండ్రి మళ్లీ ముఖానికి రంగు వేసుకుని జనాన్ని నవ్వించడం ఎంత కష్టమో మాటల్లో చెప్పలేం. 2025 జులై 13న, 83 నిండిన మూడు రోజులకు, ఆయన హైదరాబాద్‌లో కన్నుమూశారు. నెల దాటిందో లేదో భార్య రుక్మిణి కూడా వెళ్లిపోయారు.

తెలుగు పాత్రలకు బయటి భాషల నటులెందుకు, మనవాళ్లు లేరా అని ఆయన మొహమాటం లేకుండా అడిగేవారు. కొందరికి అది రుచించలేదు. మాకైతే సబబుగానే తోచింది. ఎవరు ఎక్కడివారన్నది కాదు, నోటికి తెలుగు పలుకుతుందా లేదా అన్నదే లెక్క. సొంత గొంతుతో చెప్పిన మాటకూ, పెదాలు కదిపితే మరొకరు డబ్బింగ్ చెప్పిన మాటకూ తేడా ప్రేక్షకుడికి తెలుస్తుంది.

అలా పలికేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పొన్నూరు, చిలకలూరిపేట, తాడేపల్లిగూడెం లాంటి చోట్ల పరిషత్తు నాటకాలు, అంటే నాటక పోటీలు నడిపే సంస్థల వేదికలపై నాటకాలు, వేసేవాళ్లలో చాలామంది పగలు ఉద్యోగం చేసుకుని, రాత్రి రిహార్సల్‌కు వచ్చేవాళ్లే. మేకప్, సెట్టు, ప్రయాణం ఖర్చులకు తరచూ జేబులోంచే తీస్తారు. రెండు ప్రభుత్వాలూ నాటక పోటీలు ఏటా తప్పకుండా జరపాలి, థియేటర్ల అద్దె నాటక సమాజాలకు భారం కాకుండా చూడాలి. పరిషత్తుల నిర్వాహకులు ముందు వరుసలో రెండు కుర్చీలు సినిమా వాళ్ల కోసం అట్టిపెట్టాలి. క్రాంతికుమార్ వెళ్లి కూర్చున్నట్టు ఈనాటి నిర్మాతలూ, దర్శకులూ వెళ్లి కూర్చోవాలి.