పొడుగు డబ్బా మోసం

డబ్బా ఎంత పొడుగుంటే అంత ఎక్కువ పడుతుందన్న నమ్మకం మీద నాకు ఎప్పటినుంచో కోపం. చెన్నై టీ నగర్‌లో స్టీలు సామాన్ల కొట్టుకు వెళ్లి చూడండి, మనవాళ్ల చేతులు ముందు నిటారుగా నిలబడ్డ డబ్బా మీదికే వెళతాయి. కొట్టువాళ్లూ దాన్నే ముందు పెడతారు, వాళ్లేమీ అమాయకులు కారు.

మా వదిన బియ్యానికి డబ్బా కొంటానంటే తోడు వెళ్లాను. పొట్టిదాని వ్యాసం 20 సెంటీమీటర్లు, ఎత్తూ అంతే. రెండోదాని వ్యాసం 10, ఎత్తు 40. "పొడుగుదే పెద్దదమ్మా" అన్నాడు అమ్మే అతను. వదిన తలూపింది.

ఇక లెక్కకు వద్దాం. చుట్టూ ఉన్న రేకు రెండింటికీ ఒక్కటే, దాదాపు 1,257 చదరపు సెంటీమీటర్లు. కానీ నీళ్లు పోస్తే పొట్టిదాంట్లో 6.28 లీటర్లు పడతాయి, పొడుగుదాంట్లో 3.14. సరిగ్గా సగం! ఎత్తు రెట్టింపైతే ఘనపరిమాణమూ రెట్టింపే అవుతుంది, వ్యాసం రెట్టింపైతే నాలుగింతలవుతుంది. అడుగు, మూత కూడా కలిపితే పొట్టిదానికి పట్టే రేకు 1,885, పొడుగుదానికి 1,414. అంటే ముప్పాతిక వంతు రేకుకు సగం బియ్యం. స్టీలును తూకానికి అమ్ముతారు కదా! రేకు మందం ఒకటే అయితే మనం డబ్బులిచ్చేది ఉపరితల వైశాల్యానికి, ఇంటికి మోసుకొచ్చేది ఘనపరిమాణాన్ని.

వదిన కొడుకు పదో తరగతి. నిద్రలో లేపి అడిగినా రెండు సూత్రాలూ అప్పజెబుతాడు. "ఏ డబ్బాలో ఎక్కువ పడతాయిరా?" అంటే, "వ్యాసార్థం ఎంతిచ్చారు అత్తయ్యా?" అన్నాడు. వాణ్ణి ఏమనగలం? ఒక అభ్యాసంలో వైశాల్యం, ఇంకో అభ్యాసంలో ఘనపరిమాణం. రెండింటినీ ఎదురెదురుగా నిలబెట్టి చూడమని వాడికి చెప్పిన వాళ్లు లేరు. మూత ఉన్న స్థూపాల్లో, ఒకే ఘనపరిమాణానికి అన్నిటికంటే తక్కువ రేకు పట్టేది ఎత్తూ వ్యాసమూ సమానంగా ఉన్నదానికే. ఆ కొట్లో ఎవరూ ముట్టుకోని పొట్టి డబ్బా అచ్చంగా అదే.

వైశాల్యం ఎక్కువ ఉండటమే మేలయ్యే చోట్లూ ఉన్నాయి. ఈ ఊళ్లో పొద్దున్నే కాఫీని గ్లాసులోంచి డబరాలోకి వంచేది అందుకే: వెడల్పాటి గిన్నెలో కాఫీ పలచగా పరుచుకుని, గాలి తగిలే మేర పెరిగి త్వరగా చల్లారుతుంది. పరీక్షలో ఆ రెండింటి బొమ్మలూ వేసి, కాఫీ ఎందులో ముందు చల్లారుతుందో, ఎందుకో రాయమనండి. దానికి ఐదు మార్కులు. 22/7తో గుణించినందుకు ఒకటి చాలు.