తాతగారి పెన్నుని మరిగించకండి

మా చెన్నై తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఈమధ్య ఒకటే వీడియో తిరుగుతోంది. బీరువాలో పడున్న పాత ఇంకు పెన్నుని మరిగే నీళ్ళలో పది నిమిషాలు వేయండి, శానిటైజర్‌తో తుడవండి, గీరుకునే పాళీని ఉప్పుకాగితం మీద రుద్దండి, చివర్లో టూత్‌పేస్ట్‌తో మెరుగు పెట్టండి, కొత్త పెన్ను అయిపోతుందట. దయచేసి ఈ నాలుగింటిలో ఒక్కటి కూడా చేయకండి.

ముందు వేడినీళ్ళ సంగతి. మన ఇళ్ళలో కనబడే పాత నల్ల పెన్నులు, ముఖ్యంగా రాజమండ్రివి, చాలావరకు ఎబొనైట్‌వి. రబ్బరులో గంధకం కలిపి వేడి చేస్తే గట్టిపడే పదార్థం అది. ఏళ్ళ తరబడి వెలుతురు తగిలిన ఎబొనైట్ మీద వేడినీళ్ళు పడితే నలుపు పోతుంది, మళ్ళీ రాదు. పోయిన వారం పెరంబూరులో మా పక్కింటి పిన్నిగారు వాళ్ళ నాన్నగారి పెన్ను తెచ్చారు, ఆ వీడియో చూసి గిన్నెలో మరిగించారట. క్యాప్ కింద వెలుతురు తగలని చోట మాత్రం నల్లగా ఉంది, మిగతా బ్యారెల్ అంతా పాత చింతపండు రంగు. తుడిస్తే వస్తుందేమోనని ఆవిడ కొంగుతో తుడుస్తూనే ఉన్నారు.

ఇంత చేసినా లోపల సిరా పూర్తిగా వదల్లేదు. మామూలు సిరా నీళ్ళతో చేసిందే, చల్లటి నీళ్ళకే కరుగుతుంది, కాకపోతే టైమ్ ఇవ్వాలి. డ్రాపర్‌తో బ్యారెల్‌లో నీళ్ళు పోసి, పాళీ కిందికి ఉండేలా గ్లాసులో తడి టిష్యూ మీద నిలబెట్టాం. ముందు ఏమీ లేదు, కాఫీ తాగి వచ్చేసరికి శనగగింజంత నీలం, దాని అంచున కాస్త ఆకుపచ్చ. రెండో రోజు సాయంత్రానికి నీళ్ళు తేటగా దిగాయి. బయట మాత్రం పొడిగా ఉంచాలి, ఎబొనైట్‌ని చల్లటి నీళ్ళలో కూడా రాత్రంతా నానబెట్టకూడదు.

ఇక శానిటైజర్. చారల పెన్ను ఉంటే బ్యారెల్‌ని బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూడండి. కర్పూరం వాసన వస్తే అది సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్, నిజంగానే కర్పూరం కలిపి చేస్తారు, ఆల్కహాల్ తగిలితే మెత్తబడిపోతుంది. 1941లో వచ్చిన పార్కర్ 51 పెన్ను యాక్రిలిక్ ప్లాస్టిక్‌తో చేసింది, దానికైతే ఆల్కహాల్‌తో సన్నటి పగుళ్ళు వస్తాయి.

నాకు ఎక్కువ కోపం తెప్పించింది ఉప్పుకాగితం. బంగారం మెత్తనిది, కాగితం మీద అరిగిపోతుంది కాబట్టే పాళీ మొనకి గట్టి లోహపు చిన్న గుండు అతికిస్తారు, ఇరీడియం అని అందరూ పిలిచేది దాన్నే. ఉప్పుకాగితం అరగదీసేది సరిగ్గా ఆ గుండునే, అది పోతే పాళీ పోయినట్టే. చాలాసార్లు పాళీ గీరుకునేది అరిగిపోయి కాదు, చీలిక రెండు వైపులా ఉన్న మొనలు ఒకే ఎత్తులో లేక. భూతద్దంలో ఎదురుగా చూస్తే తేడా తెలిసిపోతుంది. పైకి లేచినదాన్ని గోటితో కొద్దిగా కిందికి నొక్కి, చూసి, మళ్ళీ నొక్కాలి. పిన్నిగారి పాళీ మూడోసారికి సర్దుకుంది. చేతులు వణుకుతాయనుకుంటే మా చెన్నై ప్యారీస్ కార్నర్‌లో ఎన్‌ఎస్‌సీ బోస్ రోడ్డు దాకా వెళ్ళి, పెన్నుల షాపులో చూపించండి.

టూత్‌పేస్ట్‌లో ఉండేది కూడా గరుకు పొడే, పళ్ళ మీద గార తీయడానికి. క్లిప్పు మీద బంగారు పూత పలచబడుతుంది, బ్యారెల్ మీద చెక్కిన అక్షరాలు రుద్దే కొద్దీ మాసిపోతాయి. పిన్నిగారు ఆ స్టెప్ దాకా వెళ్ళలేదు, అందుకే చింతపండు రంగు బ్యారెల్ మీద వాళ్ళ నాన్నగారి పేరు, ఇంటిపేరుతో సహా, ఇంకా చదవడానికి వస్తోంది.