పురానాపూల్ వ్రతం

ఫిబ్రవరి 14, రెండో శనివారం, అందరికీ సెలవు. మా పిన్ని కాఫీ గ్లాసు టక్కున పెట్టిన సౌండుకే బాబాయ్‌కి అర్థమైపోయింది, కొనాల్సిందేదో కొనలేదని. కూకట్‌పల్లిలో వాళ్ల ఫ్లాటు. నాన్నా నేనూ ఏదో పనిమీద వెళ్లి సరిగ్గా మధ్యలో ఇరుక్కుపోయాం.

"అసలు వాలెంటైన్ పేరుని రోమ్ చర్చి వాళ్లే 1969లో తమ క్యాలెండర్‌లోంచి తీసేశారే, ఇంక నేనేం గుర్తుపెట్టుకోను" అన్నాడు బాబాయ్. పనిచేయలేదు. దాంతో చరిత్ర కల్పించడానికి దిగాడు. ఈ పండగ అసలు మన హైదరాబాదుదేనట. కులీ కుతుబ్ షా కుర్రాడిగా ఉన్నప్పుడు భాగమతి కోసం మూసీ వరదలో గుర్రాన్ని దూకించాడని కథ ఉంది కదా, కొడుకు ఎక్కడ కొట్టుకుపోతాడోనని వాళ్ల నాన్న 1578లో పురానాపూల్ కట్టించాడని కూడా చెప్పుకుంటారు కదా, అక్కడిదాకా అందరూ చెప్పేదే, ఆపైన మాత్రం బాబాయ్ సొంత పైత్యం: వంతెన ఓపెనింగ్ సరిగ్గా ఫిబ్రవరి 14నట, హడావిడిలో కుర్రాడు గులాబీలు మర్చిపోయి జేబులో ఉన్న ఉస్మానియా బిస్కెట్ ఇచ్చాడట, ఆవిడ దానికే మురిసిపోయిందట. ఇలా చెప్తూనే ప్లేట్లోంచి ఒక బిస్కెట్ తీసి పిన్ని చేతిలో పెట్టాడు.

పిన్ని సోషల్ టీచర్. పెళ్లయి ఇన్నేళ్లయినా ఈయనకి ఆ సంగతి ఎందుకు గుర్తుండదో మరి.

"ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కిందే 1911లో. ఆయన పేరు పెట్టుకున్న బిస్కెట్ మూడొందల ఏళ్ల ముందే ఆ పిల్లాడి జేబులోకి ఎలా వచ్చిందండీ? సరే, ఇప్పుడు నేను చెప్తా వినండి. రోమ్‌లో క్లాడియస్ అనే చక్రవర్తి సైనికులకి పెళ్లిళ్లు వద్దన్నాడట, ఈ వాలెంటైన్ దొంగచాటుగా చేయించాడట, అందుకని తల తీయించాడట. అంటే ఇది పెళ్లి చేయించినవాడి తల తీసిన రోజు. మన సంబంధం కుదిర్చింది ఎవరు?"

మా నాన్న. అప్పటికే కాఫీ సగంలో వదిలేసి చెప్పులు వెతుక్కుంటున్నాడు. "మిమ్మల్ని కాదులెండి బావగారూ, కూర్చోండి" అంది గానీ మాలో ఎవరికీ నమ్మకం కుదరలేదు.

బాబాయ్ గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కి పరిగెత్తాడు. గులాబీల రేటు విని గుండె జారి, అదే డబ్బులకి సంచీడు బంతిపూలు తెచ్చాడు, క్వాంటిటీ చూసి కరిగిపోతుందనుకున్నాడు మహానుభావుడు. పిన్ని ఒక్క మాట అనలేదు, కూర్చుని దండ గుచ్చి గుమ్మానికి కట్టేసింది. పక్క ఫ్లాటావిడ ఊరుకుంటుందా, "ఇవాళ ఏం పూజ వదినా?" అంటూ వచ్చేసింది.

"పురానాపూల్ వ్రతం" అంది పిన్ని మొహం మార్చకుండా. "మగవాళ్లు చేయాలి. రాత్రిదాకా వంటా, అంట్లూ అన్నీ వాళ్లే. ఆడవాళ్లు సోఫా దిగకూడదు."

సాయంత్రం మేం బయల్దేరేసరికి లిఫ్ట్‌లోంచి నలుగురు అంకుల్స్ దిగారు, ఒకాయన చేతిలో గరిటె కూడా ఉంది, ఈ వ్రతం ఏ పురాణంలో ఉందో బాబాయ్‌ని అడగాలట. బాబాయ్ బయటికి రాలేదు, చారు పొంగుతోందని లోపల్నుంచే కేకేశాడు.