ఆరు డెసిబెల్స్ ఖాళీగా ఎందుకుండాలి?

బడిలో సున్నా వస్తే తల దించుకున్నవాళ్లమే, డిజిటల్ మిక్సింగ్‌కు, అంటే విడివిడిగా రికార్డు చేసిన గొంతునూ వాద్యాలనూ కంప్యూటర్లో కలిపే పనికి, కూర్చోగానే అదే సున్నాను శిఖరమని ఒప్పుకోవాలి. దానిపైన ఇంకేమీ లేదు. పాటంతా, అందులోని అరుపులూ కేకలతో సహా, అప్పులవాడి పద్దులా మైనస్ అంకెల్లోనే బతకాలి. శబ్ద స్థాయి చూపే మీటరు మైనస్ 12 డెసిబెల్స్ చూపిస్తుంటే పౌరుషమున్న ఏ సంగీతకారుడైనా ఊరుకోగలడా? నేను ఊరుకోలేదు. అందుకే హెడ్‌రూమ్ అనే ఈ దుబారాపై నా అభ్యంతరాన్ని సవినయంగా దాఖలు చేస్తున్నాను.

హెడ్‌రూమ్ అంటే పాటలో అన్నిటికంటే ఎత్తైన శిఖరానికీ సున్నాకూ నడుమ వదిలే జాగా. మాస్టరింగ్ చేసేవారి కోసం, అంటే కలిపిన పాటకు చివరి మెరుగులు దిద్దేవారి కోసం, ఆరు డెసిబెల్స్ వదలమని అనుభవజ్ఞులు చెబుతుంటారు. ఆరు డెసిబెల్స్ అంటే లెక్క ప్రకారం తరంగం ఎత్తులో దాదాపు సగం. సగం భూమిని బీడు పెట్టమంటున్నారన్నమాట! నిండుకుండ తొణకదని మన పెద్దలు ఊరికే అన్నారా? ఆ మాట నమ్మి అంచుదాకా నింపాను, ఇంకా పోశాను. తొణకలేదు, నిజమే. అంచుకు పైనున్నదంతా కత్తిరించినట్టు తెగిపోయిందంతే. గుండ్రంగా ఉండవలసిన తరంగాల తలలు చదునయ్యాయి, గాయకుడు పాడని హార్మోనిక్స్, అంటే అసలు స్వరానికి పైన పలికే అదనపు స్వరాలు, ఎక్కడినుంచో వచ్చి చేరాయి. పిలవకుండా వచ్చినంత మాత్రాన వాటిని వెళ్లగొట్టడం మర్యాద కాదు కదా.

పాత మీటర్లది మరీ మెతక స్వభావం. 1942లో ప్రమాణంగా స్థిరపడిన వీయూ మీటర్ ముల్లు ఒక శబ్దాన్ని పూర్తిగా చూపడానికి 300 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. డ్రమ్ మీద దెబ్బ పడి చల్లారేసరికి అది ఇంకా లేచే ప్రయత్నంలోనే ఉంటుంది. పాట చెవికి ఎంత బిగ్గరగా తోస్తుందో సుమారుగా చెబుతుంది కానీ, శిఖరం ఎక్కడుందో దానికి పట్టదు. దాని సున్నాను కాస్త దాటినా టేపు సర్దుకుపోయేది. ఆ సున్నానే ఇప్పుడు డిజిటల్ మీటరులో మైనస్ 18 దగ్గర పెట్టుకోవడం చాలామందికి అలవాటు. పాత యంత్రాలను అనుకరించే ప్లగిన్లు (మిక్సింగ్ సాఫ్ట్‌వేర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు) కూడా ఎక్కువగా ఆ చుట్టుపక్కల స్థాయికే తయారవుతాయి. నా ట్రాకులు మైనస్ 1 దగ్గర నిలబడి వాటిని పలకరిస్తాయి. అవి గొంతు బొంగురుపోతూ బదులిస్తాయి. పాతకాలపు పరిమళమంటే అదేనని నా వాదన.

టేపు కాలంలో తక్కువ స్థాయిలో రికార్డు చేస్తే బుసబుస శబ్దం పాటను మింగేది కాబట్టి పైకి తోయడానికి కారణమైనా ఉండేది. 24 బిట్ల డిజిటల్ రికార్డింగులో, బిట్టుకు సుమారు ఆరు డెసిబెల్స్ చొప్పున, అతి మెల్లని శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ నడుమ కాగితం మీద 144 డెసిబెల్స్ వ్యాప్తి ఉంటుంది. 18 వదిలేసినా రొద బాధ లేదు. అయితే మాత్రం? కారణం పోయిందని అలవాటును పంపేస్తామా?

ఇక అసలు చిక్కు, అన్ని ట్రాకులూ వచ్చి కలిసే మాస్టర్ ట్రాకు దగ్గర. వాద్యాలను ఒక్కొక్కదాన్నీ పిలిచి విచారించాను. డ్రమ్స్ సున్నా దాటలేదని ప్రమాణం చేసింది. బాస్ గిటారూ అంతే, గొంతూ అంతే. అన్నీ నిజమే చెబుతున్నాయి. మాస్టర్ దగ్గర మాత్రం సున్నా దాటిందని చెప్పే ఎర్రదీపం వెలుగుతోంది. నేరం జరిగింది, నేరస్థుడు లేడు! ఒకే స్థాయిలో ఉన్న, ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు శబ్దాలు కలిస్తే మూడు డెసిబెల్స్ పెరుగుతాయి, అచ్చంగా ఒకటే అయినవి కలిస్తే ఆరు. పదహారు మంది బుద్ధిమంతులు ఒకే గదిలో ఒకేసారి మాట్లాడినట్టు.

మాస్టర్ ఫేడర్‌ను, అంటే స్థాయిని పెంచే తగ్గించే మీటను, కిందికి లాగి దీపం నొక్కి ఆర్పాను, అది మళ్లీ వెలగలేదు. నేటి సాఫ్ట్‌వేర్లు లోపల 32 బిట్లకు తగ్గకుండా ఫ్లోటింగ్ పాయింట్‌లో, అంటే సున్నాకు పైనున్న స్థాయిలకూ చోటుండే పద్ధతిలో, లెక్క కడతాయి కాబట్టి, అక్కడ సున్నా దాటినది మామూలుగా చెడిపోదు, తగ్గిస్తే చెక్కుచెదరకుండా తిరిగి వస్తుంది. తెగేది అంకెలను వినబడే శబ్దానికి పనికొచ్చే విద్యుత్ సంకేతంగా మార్చే కన్వర్టర్‌కు అందించేటప్పుడు, 16 లేదా 24 బిట్ల ఫైలుగా బయటికి తీసేటప్పుడు. మైకు దగ్గరే తెగిన గొంతును మాత్రం ఏ ఫేడరూ అతికించలేదు. ఈ చివరి సంగతి నాకు గాయకుడు వెళ్లిపోయాక తెలిసింది.

డిజిటల్ శబ్దమంటే క్షణక్షణానికీ కొలిచి రాసుకున్న అంకెలే, ఆ నమూనాల మధ్య దాగి సున్నా దాటే శిఖరాలు కూడా ఉంటాయి, వాటికి ట్రూ పీక్ మీటరని వేరే పహారా ఉంది. నా కంటికి కనబడని చోట జరిగేదానికి నేను పూచీ పడను.

ఇంత శ్రమపడి, శిఖరాలను హద్దు దాటనివ్వని లిమిటర్‌తో నొక్కి, పాటను ఇటుకలా చేసి పంపితే స్పాటిఫై దాన్ని మామూలు అమరికలో మైనస్ 14 లఫ్స్‌కు (చెవికి తోచే బిగ్గరతనాన్ని కొలిచే ప్రమాణం) దించేసింది. పక్కనే జాగా వదిలిన ఎవరో అమాయకుడి పాట అంతే బిగ్గరగా మోగుతోంది. పైగా అందులో డ్రమ్ దెబ్బ పడినప్పుడల్లా నా పాట నెత్తిమీదుగా దూకుతోంది.

ఆ ఎర్రదీపానికి, అదే క్లిప్ దీపానికి, ఒక సుగుణముంది. ఒకసారి వెలిగితే, చాలా సాఫ్ట్‌వేర్లలో, మనం దానిమీద నొక్కేదాకా ఆరదు. మొన్న మాస్టరింగ్ ఇంజనీరు ఫోను చేసి, "హెడ్‌రూమ్ వదిలారా అండీ?" అని అడిగారు. "దీపాలన్నీ ఆర్పే పంపానండీ" అన్నాను.