కస్టమ్స్ డ్యూటీ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ కస్టమ్స్ డ్యూటీ గారి దివ్యసముఖానికి,

ఇక్కడ మేమంతా క్షేమం. మీరు మా ఖర్చుతో క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

మొన్న జపాన్ నుంచి తెప్పించుకున్న కెమెరా బ్యాటరీ మూతతో పాటు మీరు కూడా మా ఇంటికి దయచేశారు. మూత బొటనవేలి గోరంత. మీరు మాత్రం గుమ్మం పట్టలేదు. డెలివరీ కుర్రాడు ఫోన్‌లో క్యూఆర్ కోడ్ చూపించి "కడితేనే పార్సిల్ ఇమ్మన్నారు సార్" అన్నాడు. ఇంత ఎందుకయ్యిందయ్యా అంటే "పైనుంచి అలాగే వచ్చింది సార్" అన్నాడు. విమానంలో వచ్చింది కదా, పైనుంచే వస్తుంది.

ఆ రాత్రి మీ లెక్క కూర్చుని చదివాను. వస్తువు ధరకు రవాణా ఖర్చు కలుపుతారు. ఇన్సూరెన్స్ ఎంతో తెలియకపోయినా వదిలిపెట్టరు, 1.125 శాతం అనుకొమ్మని 2007 వాల్యుయేషన్ రూల్స్‌లో రాసి పెట్టుకున్నారు. ఆ మొత్తం మీద డ్యూటీ. డ్యూటీ మీద 10 శాతం సాంఘిక సంక్షేమ సర్‌చార్జి. అన్నీ కలిపిన దాని మీద మళ్లీ ఐజీఎస్టీ, అంటే దిగుమతి సరుకు మీద వేసే జీఎస్టీ. కట్నం ఇచ్చాక ఆడపడుచు లాంఛనం, ఆ రెండూ కలిపి చూసి విడిది మర్యాదలు అడిగినట్టుంది మీ వరస. సొంత వాడకానికి తెప్పించుకునే వస్తువుల మీద డ్యూటీ 35, ఐజీఎస్టీ 28 శాతం ఉన్న రోజుల్లో వెయ్యి రూపాయల పార్సిల్‌కి 350, 35, 387.80, వెరసి 772 రూపాయల 80 పైసలు పుచ్చుకునేవారు. ఆ 80 పైసలు ఎక్కడ ఖర్చు పెట్టారో తెలుసుకోవాలని ఉంది. 2026 బడ్జెట్‌లో ఆ డ్యూటీని 20 నుంచి 10కి దించుతామన్నారు, సంతోషం. ఆడపడుచు మాత్రం ఇంట్లోనే ఉంది.

కొరియర్ వాళ్ల సంగతి సరేసరి. నా తరఫున మీకు ముందే డబ్బు కట్టినందుకు ఒక ఫీజు, దాని మీద జీఎస్టీ.

మీ రాఖీ నిబంధన మాత్రం నాకు భలే నచ్చింది. 2019 డిసెంబరులో బయటి దేశాల నుంచి కానుక పేరుతో పోస్టులో, కొరియర్‌లో డ్యూటీ కట్టకుండా ఏదీ రాకూడదన్నారు. ప్రాణాలు నిలిపే మందులకు, రాఖీకి మినహాయింపు. అయితే రాఖీతో పాటు వచ్చే కానుకకు కాదు! డల్లాస్‌లో ఉన్న చెల్లెలు దారం పంపితే అనురాగం, దారంతో పాటు చాక్లెట్ డబ్బా పంపితే దిగుమతి. అన్నాచెల్లెళ్ల ప్రేమ ఎక్కడిదాకానో ఇంత కచ్చితంగా కొలిచిన వాళ్లు మన పురాణాల్లో కూడా లేరు.

ప్రాణాలంటే గుర్తొచ్చింది. కోవిడ్‌లో ఊపిరాడని 85 ఏళ్ల పెద్దాయనకు అమెరికాలో ఉన్న బంధువు ఆక్సిజన్ కాన్సంట్రేటర్ పంపితే, దాని మీద కూడా 12 శాతం ఐజీఎస్టీ అన్నారు. అంతకుముందు 28 ఉండేదట, దయతలచి తగ్గించారు. 2021 మేలో ఢిల్లీ హైకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది. మీ వాళ్లు సుప్రీంకోర్టుకు వెళ్లి స్టే తెచ్చుకున్నారు. గాలి కూడా సరిహద్దు దాటితే సరుకే మరి!

పన్ను వద్దనడం లేదు. దేశం నడవాలి, రోడ్లు పడాలి. కొనేటప్పుడే ఎంతవుతుందో ఒక్క మాట చెప్పండి చాలు. కాయో పండో గుమ్మం దగ్గర తేల్చుకోవాలంటే టెన్షన్ ఎక్కువైపోతోంది.

ఇట్లు,
మీ శాశ్వత పోషకుడు

తా.క.: "మీ పార్సిల్ కస్టమ్స్‌లో ఆగింది, అందులో డ్రగ్స్ దొరికాయి, వెంటనే డబ్బు పంపండి" అని మీ పేరు చెప్పుకుని ఫోన్లు చేసే దొంగలు ఎక్కువయ్యారు. నమ్మొద్దని మీరే ప్రకటనలు ఇస్తున్నారు, మంచిదే. కానీ ఒక్క విషయంలో వాళ్లను మెచ్చుకోవాలి. ఎంత కట్టాలో ముందే చెబుతారు.