అరిగిన చెక్కకు అరగని బాధితుడి లేఖ

ఫార్ములా వన్ రేసుల్లో మెక్‌లారెన్ జట్టు కారు అడుగున వేంచేసియున్న చెక్క పలక గారి దివ్యసముఖమునకు, తిరుపతి వాస్తవ్యుడు 2025 నవంబర్ 23న నమస్కరించి వ్రాయు విన్నపములు. ఇక్కడ అందరూ క్షేమం, నేను తప్ప.

మా బామ్మర్దితో పందెం వేశానండీ. లాస్ వెగాస్ రేసు అయ్యాక కూడా, ఛాంపియన్‌షిప్‌లో ముందున్న మెక్‌లారెన్ డ్రైవర్ నారిస్‌కూ, వెంటాడుతున్న రెడ్‌బుల్ డ్రైవర్ వెర్‌స్టాపెన్‌కూ తేడా 40 పాయింట్లకు తగ్గదని. ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకు టీవీ ముందు కూర్చున్నా. వెర్‌స్టాపెన్ గెలిచాడు, నారిస్ రెండు. లెక్కేస్తే 42. కార్తీకం వెళ్ళిన మొదటి ఆదివారం, ఊరు ఊరంతా నెలరోజుల నీచు కరువు తీర్చుకునే రోజు. పాపం వాడు లీలామహల్ సర్కిల్ దగ్గర గంటన్నర నిలబడి మటన్ బిర్యానీ తెచ్చాడు. తిన్నాను. మూలుగ కూడా వదల్లేదు. మూడు దాటాక చెయ్యి కడుక్కుంటుంటే వాడి ఫోన్ టింగుమంది. వాడు నవ్వాడు. మా పెళ్ళిలో నా చెప్పులు దాచినప్పుడు కూడా అంత నవ్వలేదు.

తమరు అరిగారట. 9 మిల్లీమీటర్లకు తగ్గకూడని తమరు, నారిస్ కారు కింద ఒకచోట 8.88 ఉన్నారట. నారిస్ మీద అనర్హత వేటు, రెండో స్థానానికి వచ్చిన 18 పాయింట్లు హుళక్కి. 42 కాస్తా 24.

0.12 మిల్లీమీటర్లండీ! మా ఇంటి శుభలేఖ అంతకన్నా మందం. మా వీధి వడ్రంగి తలుపు బిగిస్తే చిటికెనవేలు దూరే సందు ఉంటుంది. అడిగితే "వానలకు ఉబ్బుతుందిలే సార్" అంటాడు. అదీ చెక్కంటే.

తమరి పుట్టుక మీద నాకు గౌరవమే. 1994లో ఇమోలా రేసు ప్రమాదంలో డ్రైవర్ సెన్నా పోయాక, కార్లు నేలను మరీ రాసుకుంటూ పోకుండా తమర్ని బిగించారు. మంచిదే. కానీ పుట్టిన ఏడాదే షూమాకర్ బెల్జియం గెలుపు మింగేశారు. 2023లో ఆస్టిన్‌లో హామిల్టన్, లెక్లేర్‌ల ఫలితాలు. ఈ ఏడాది షాంఘైలో మళ్ళీ హామిల్టన్. ఇంత ఆకలేమిటండీ?

మెక్‌లారెన్ వాళ్ళు సరేసరి. ఇద్దరు కోడళ్ళ అత్తగారిలా "ఇద్దరూ మాకు సమానమే" అని ఏడాదంతా చెప్పి, తమ ఇంకో డ్రైవర్ పియాస్ట్రి కారు కింద కూడా అరగదీసి, మాట నిలబెట్టుకున్నారు. నెదర్లాండ్స్ రేసు నాటికి పియాస్ట్రి కన్నా 104 పాయింట్లు వెనకున్న వెర్‌స్టాపెన్ ఇప్పుడు అతని పక్కనే, 366 దగ్గర. మిగతా రేసుల్లో ఇంకా 58 పాయింట్లు మిగిలే ఉన్నాయి.

వేగంగా వెళ్తే శిక్ష పడటం మాకు కొత్త కాదు. తిరుమల ఘాట్ రోడ్డులో చెప్పిన టైం కన్నా ముందు దిగితే జరిమానా కట్టే ఊరు మాది. కాకపోతే అక్కడ విషయం అక్కడికక్కడే తేలుస్తారు. మనం బిర్యానీ తినేదాకా ఆగరు.

కావాలని చేసింది కాదని తీర్పు చెప్పే స్టీవార్డులే ఒప్పుకున్నారు. కారు నేలకేసి దబదబా కొట్టుకుందట. సరే, కొట్టుకుంది. ఒసే చెక్కా, పదకొండుకు రేసు అయిపోతే మూడింటికా నీ సంగతి బయటపడేది? ఆ నాలుగు గంటల్లో ఒక మనిషి గెలిచాడు. కాలరెగరేశాడు. అత్తగారికి ఫోన్ చేసి మరీ చెప్పాడు. అరకిలో మటన్ తిన్నాడు. నీకేం, అరిగి హాయిగా ఉన్నావు. నాకే అరగట్లేదు.

తిన్నది కక్కమనలేదు మా వాడు, అంతవరకు మంచోడే. ఫ్యామిలీ ప్యాక్ తెమ్మన్నాడు.

ఇట్లు,
లీలామహల్ సర్కిల్ దగ్గర క్యూలో, ముందు ఇంకా పద్నాలుగు మంది ఉన్న
మీ బాధితుడు