చీటీలో బరువుంది, మనసు లేదు

పీసీఓడీ అని మనమంతా పిలిచే పీసీఓఎస్ (పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్, అంటే స్త్రీలలో హార్మోన్ల తేడాతో వచ్చే సమస్య) ఇప్పుడు తెలియని ఇల్లు లేదు. తప్పిపోయే నెలసరి, గడ్డం కింద మొలిచే వెంట్రుకలు, ఎంత చేసినా దిగని బరువు, స్కానింగ్ రిపోర్టులో ‘నీటి బుడగలు’ అన్నీ విన్న మాటలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం సంతానోత్పత్తి వయసు స్త్రీలలో 8 నుంచి 13 శాతం మందికి ఇది ఉంది. వీరిలో కనిపించే కుంగుబాటును, ఆందోళనను నెలసరి సరైతే వాటంతటవే పోయే బాధలుగా లెక్కవేయడం పొరపాటని, చికిత్సలో వాటికీ మొదటి రోజు నుంచే చోటుండాలని నా వాదన.

ఈ మధ్య ఒక బంధువుల అమ్మాయికి తోడుగా గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లాను. పరీక్ష, స్కానింగు, మెట్‌ఫార్మిన్ మాత్రలు, ‘బరువు తగ్గాలి’ అన్న మాట కింద రెండు గీతలు, ఆపైన ‘పెళ్లయ్యాక సర్దుకుంటుందిలేమ్మా’ అన్న ఓదార్పు. నిద్ర పడుతోందా, ఏడుపొస్తోందా అని ఎవరూ అడగలేదు. ఆరు నెలలుగా పెళ్లిళ్లకూ పేరంటాలకూ వెళ్లడం మానేసిన సంగతి ఆ పిల్ల ఆటోలో నాతో చెప్పింది, డాక్టరుతో కాదు.

బరువు తగ్గితే మనసూ తేలికపడుతుందని, ఒక్క పూటలో పదుల మంది ఓపీ చూసే డాక్టరుకు ఇంతకు మించి తీరిక ఎక్కడిదని కొందరంటారు. తీరిక లేదన్నది నిజమే, కానీ తొలి వడపోతకు రెండే ప్రశ్నలున్న చిన్న పట్టికలున్నాయి, వాటికి రెండు నిమిషాలు చాలు.

బరువు వాదన మాత్రం ఆధారాల ముందు నిలవదు. 2017లో వెలువడిన ఒక సమీక్ష ఎన్నో అధ్యయనాలను కలిపి చూసి, కుంగుబాటు లక్షణాలు పీసీఓఎస్ ఉన్నవారిలో 36.6 శాతం మందిలో, లేనివారిలో 14.2 శాతం మందిలో ఉన్నాయని, ఆందోళన విషయంలో ఈ తేడా 41.9కి 8.5 అని తేల్చింది. అంతకన్నా ముఖ్యం, శరీర బరువు సూచీ (బీఎంఐ) సమానంగా ఉన్నవారిని పక్కపక్కన పెట్టి చూసినా ఆ తేడా పోలేదు. లావు కాబట్టి దిగులు అనే మన ఇంటింటి సూత్రానికి ఈ ఒక్క అంశమే గట్టి దెబ్బ. పైగా కుంగిన మనిషికి ఉదయం లేచి నడవడమే గండం. అలాంటి మనిషికి వ్యాయామం రాసిచ్చి, చేయలేకపోతే సోమరితనమనడం జబ్బును పెంచి పోషించడమే. అందుకే 2023 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు, యుక్తవయసు పిల్లలతో సహా, పీసీఓఎస్ నిర్ధారణ అయిన ప్రతి ఒక్కరికీ కుంగుబాటు, ఆందోళనల పరీక్ష జరగాలన్నాయి. మన ఓపీ చీటీలలో ఆ గడి నాకింకా కనబడలేదు.

ఆ ‘నీటి బుడగలు’ అన్న మాట కూడా మనను తప్పుదారి పట్టించింది. అవి నీటి బుడగలు కావు, పూర్తిగా ఎదగక ఆగిపోయిన అండపుటికలు (ఫాలికల్స్). పీసీఓఎస్‌ను నిర్ధారించడానికి డాక్టర్లు వాడే రోటర్‌డామ్ కొలతల్లోని మూడింటిలో రెండు సరిపోతే చాలు కాబట్టి, అవి లేకుండానే రోగ నిర్ధారణ కావచ్చు. అయినా చూపంతా అండాశయం మీదే, ఎందుకంటే మన దృష్టిలో స్త్రీ ఆరోగ్యమంటే గర్భమే. 2005 నాటి జననీ సురక్ష యోజన అయినా, 2017లో తెలంగాణలో మొదలైన కేసీఆర్ కిట్ అయినా కాన్పు చుట్టూ అల్లినవే. అవి అక్కర్లేదని నేననను. కానీ పిల్లలు పుట్టడానికి ముందూ తర్వాతా, అసలు పుట్టకపోయినా, ఆ మనిషికంటూ ఒక మనసుందని ఏ పథకం గుర్తించింది? పెళ్లైన ఏడాదికే ‘విశేషమేమైనా ఉందా’ అని అడిగే చుట్టాలకూ, ‘పిల్లలు కావాలనుకున్నప్పుడు రండి’ అని పంపించే వైద్యానికీ పెద్ద దూరం లేదు.

ఆ రోజు మేం కూర్చున్న వరండా గోడ మీద గర్భిణుల ఆహారం, టీకాల గురించి మూడు పోస్టర్లున్నాయి. మానసిక సమస్యలకు ప్రభుత్వమే నడిపే టెలి మానస్ నంబరు 14416 ఉందేమోనని వెతికాను, ఎక్కడా లేదు.